సూది తీసిన తరువాతి ధర్మం

రోగి అడిగినప్పుడు మందు ఇవ్వడం ఒక ధర్మం. రోగం లేనివానికి మందు ఇవ్వబూనడం మరొక ధర్మం. పైకి రెండూ ఒకటిగానే కనిపించును. రెండింటిలోను వైద్యుడు ఉన్నాడు, సూది ఉన్నది, చాచిన చేయి ఉన్నది. కాని విచారించి చూచినచో వాటి నడుమ ఉన్న అంతరం చిన్నది కాదు. నొప్పితో వచ్చినవాడు తన బాధను తానే ఎరుగును. మందు పనిచేసినదో లేదో కూడ అతనికే తెలియును. చికిత్స వలన కొంత కష్టం కలిగినను, ఉన్న బాధకంటె అది నయమని సహించును. టీకా విషయం అట్లు కాదు. రాకపోవచ్చునేమో కూడ తెలియని రేపటి కీడు కొరకు నేడు సూదిపోటుకు ఒప్పుకొమ్మని ఆరోగ్యవంతుని అడుగుతున్నారు. టీకా ఫలించినచో ఏమియు జరగదు. ఆ జరగకపోవడమే దాని ఫలం. అది కంటికి కనబడదు. దైవవశాన కీడు కలిగినచో మాత్రం ఊరందరికీ కనబడును. మేలు కనబడక, కీడు మాత్రమే కనబడు ఈ దానంలో ఇచ్చువాడు పుచ్చుకొనువానికి ఏమి బాకీ పడి ఉన్నాడు? ఇదియే ఇచట విచారింపదగిన ప్రశ్న.

వృద్ధుల విషయంలో ఈ ప్రశ్న మరింత బరువెక్కును. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలోని పెద్దలకు వానకాలపు పడిశం, దగ్గు, జ్వరం కొత్తవి కావు. మిరియాల కషాయం, ఆవిరి పట్టడం, రెండు పూటల లంఖణం తరతరాలుగా వస్తున్న ఉపచారాలు. వట్టి పడిశానికి అవి చాలును. కాని ఇన్‌ఫ్లుయెంజా, అనగా వాడుకలో ఫ్లూ అనబడు జ్వరం, వట్టి పడిశం కాదు. పడుచువానిని అది వారం రోజులు మంచాన పడవేసి విడిచిపెట్టును. డెబ్బై ఏళ్ళు దాటినవానికి, అందునా గుండెజబ్బో ఉబ్బసమో మధుమేహమో ఉన్నవానికి, అది న్యుమోనియాగా పరిణమింపవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 2,90,000 నుండి 6,50,000 మంది వరకు ఈ జ్వరం తెచ్చిపెట్టు శ్వాసకోశ వ్యాధులతో మరణిస్తున్నారు. ఇది కేవలం ఊపిరితిత్తులతో ముగియు వ్యవహారం కూడ కాదు. ఫ్లూ అని పరీక్షలో తేలిన తరువాతి ఏడు రోజులలో గుండెపోటు వచ్చు అవకాశం తక్కిన కాలంకంటె సుమారు ఆరు రెట్లు ఎక్కువగా ఉన్నదని 2018లో కెనడా దేశపు పరిశోధకులు ప్రకటించినారు. ‘తాతగారు గుండె ఆగి పోయినారు’ అని ఊరు చెప్పుకొను మరణానికి వారం క్రితం వచ్చి తగ్గిన జ్వరం కారణమై ఉండవచ్చుననే ఆలోచన సాధారణంగా ఎవరికీ తట్టదు.

ఈ వ్యాధి మన దేశానికి చేసిన కీడు చరిత్రకెక్కినది. 1918లో వచ్చిన మహమ్మారి భారతదేశంలో కోటి మందికి పైగా ప్రాణాలను హరించినదని చరిత్రకారుల అంచనా. 2009లో కొత్త రూపంలో వచ్చిన ఫ్లూ మన దేశంలో తొలుత నిర్ధారణ అయినది హైదరాబాదులోనే. ఆ ఏడు మే నెలలో విదేశం నుండి విమానంలో వచ్చిన ఒక ప్రయాణికునిలో అది బయటపడినది. 2015లో ఆ జ్వరమే తిరిగి ప్రబలి దేశంలో దాదాపు 3,000 మందిని బలిగొన్నది. 1933లో ఈ వ్యాధిని కలిగించు వైరస్‌ను శాస్త్రజ్ఞులు మానవుని నుండి వేరుచేసి గుర్తించినారు. గత శతాబ్దపు నలుబదుల దశకంలో టీకా వాడుకలోనికి వచ్చినది. అయినను శత్రువు లొంగలేదు. ఆ వైరస్ ఏటేటా కొంచెం కొంచెంగా రూపు మార్చుకొనును. నిరుటి టీకా ఈ ఏటికి పనికిరాకపోవచ్చును. అందుచేతనే 1952 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల ప్రయోగశాలలను కలిపి నిఘా నడుపుతున్నది. పూనా నగరంలోని జాతీయ వైరాలజీ సంస్థ కూడ అందులో పాలుపంచుకొనుచున్నది. ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, రాబోవు కాలంలో ఏ ఏ రకాల వైరస్ ప్రబలగలదో అంచనా వేసి, టీకాలో ఏవి ఉండవలెనో నిర్ణయింతురు. టీకా తయారీకి నెలలు పట్టును గనుక ఈ నిర్ణయం ముందుగానే జరుగవలెను. కనుక ఫ్లూ టీకా అనునది ఒక విధమైన జోస్యం. శాస్త్రబద్ధమైన జోస్యమే, అయినను జోస్యమే.

జోస్యం అనగానేమో, అది ఒక్కొక్కప్పుడు తప్పడమంటేనేమో కృష్ణా ముఖద్వారపు ప్రజలకు చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీద విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది గతించినారు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినది. మృతుల సంఖ్య పదివేలను మించినది. 1990 మే నెలలో అంతటి ఉగ్రమైన తుపానే మళ్ళీ ఈ తీరాన్ని తాకినది. కాని అప్పటికి హెచ్చరిక ముందుగా వెలువడినది. ఆరు లక్షలకు మించిన జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించినారు. మరణాలు వేయికి లోపే నిలిచినవి. మూడు తుపానుల నడుమ సముద్రం మారలేదు. హెచ్చరికను వెలువరించు సాధనాలు మారినవి, హెచ్చరికను వినినవాడు కదులు తీరు మారినది. హెచ్చరిక పుట్టడం ఒక ఎత్తు, నాగాయలంక ఆవలి చివరి గుడిసెలోని ముసలమ్మ దానిని నమ్మి మూట కట్టుకొనడం మరొక ఎత్తు.

ఈ పోలికలో ఒక చిక్కు కూడ ఉన్నది. తుపాను దారి తప్పి మరొక తీరానికి పోయినప్పుడు, ఇల్లు విడిచి వెళ్ళినవాడు తిరిగివచ్చి విసుగుకొనును. రెండుమార్లు అట్లు జరిగినచో మూడవమారు కదలడు. అప్పుడు వాతావరణ శాఖవారు ‘మా లెక్క ఈ కారణాన తప్పినది’ అని బయటపెట్టినచో నమ్మకం నిలుచును. ‘తప్పనేలేదు’ అని బుకాయించినచో నశించును. బందరులోని రాడారు తుపానును ఆపలేదు. చూచి చెప్పడమే దాని పని. తుపాను తీరం దాటిన తరువాత కూడ ఆ చూపు ఆగదు. టీకా విషయంలోను ఇట్టి చూపు అవసరం. టీకా వేయకముందు వ్యాధిమీద నిఘా వలెనే, వేసిన తరువాత టీకామీద కూడ నిఘా ఉండవలెను. మొదటిదానిని గురించి చెప్పువారు అనేకులు. రెండవదానిని గురించి చెప్పువారు కొలదిమందియే.

ముందుగా టీకా ఏమి చేయగలదో, ఏమి చేయలేదో దాపరికం లేక చెప్పుకొనవలెను. వైరస్ రకం సరిగా కుదిరిన ఏడు టీకా వేసుకొన్నవారిలో వైద్యుని వద్దకు పోవలసినంత జబ్బు నూటికి 40 నుండి 60 వంతుల మేరకు తగ్గును. కుదరని ఏడు అంతకంటె తక్కువ. వయసు మీరిన దేహం టీకాకు స్పందించు శక్తి కూడ పడుచువారిలో ఉన్నంత ఉండదు. అందుచేతనే కొన్ని దేశాలలో 65 ఏళ్ళు దాటినవారికి మోతాదు ఎక్కువగా ఉన్న టీకాలను 2022 నుండి ప్రత్యేకంగా సిఫారసు చేయుచున్నారు. కనుక ఇది వజ్రకవచం కాదు. అయినను జ్వరం వచ్చినవారిలో కూడ ఆసుపత్రి పాలగుట, ప్రాణం మీదికి వచ్చుట తగ్గునని అనుభవంలో తేలినది. ఇక కష్టం మాట. చేయి నొప్పి, ఒళ్ళునొప్పులు, ఒకటి రెండు రోజుల నలత సాధారణం. సూదిద్వారా ఇచ్చు టీకాలో సజీవమైన వైరస్ లేదు గనుక అది ఫ్లూ జ్వరాన్ని కలిగింపజాలదు. తీవ్రమైన అలర్జీ పది లక్షలలో ఒకరికి అటు ఇటుగా కలుగును. నరాలు చచ్చుబడజేయు గిలియన్ బారె అను వ్యాధి పది లక్షలలో ఒకరిద్దరికి అదనంగా రావచ్చునని అంచనా. ఆ వ్యాధి ఫ్లూ జ్వరం వలన కూడ రాగలదు. మేలు ఎక్కువ, కీడు బహు తక్కువ అని త్రాసు చెప్పుచున్నది. కాని ఈ త్రాసును ఎవరు పట్టుకొనవలెను?

ఈ చోటనే ధర్మసూక్ష్మం ఉన్నది. గుడివాడ, చల్లపల్లి ప్రాంతాలలో ఎన్నో ఇండ్లలో వృద్ధ దంపతులు మాత్రమే మిగిలి ఉన్నారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. అక్కడి నుండి కుమారుడు ఫోనులో ‘నాన్నా, ఈ వారం ఆ సూది వేయించుకోండి, డబ్బు పంపించాను’ అని చెప్పును. తండ్రి ‘సరేలేరా’ అనును. ఆ మాటలో కుమారునిమీద ప్రేమ ఉన్నది గాని సూదిని గురించిన ఎరుక లేదు. ఆసుపత్రిలోను ప్రశ్నలన్నీ వెంట వచ్చినవారినే అడుగుదురు. పెద్దాయన చొక్కా చేయి పైకి మడుచుకొని కూర్చుండును. జీవితమంతా పంటకాలువ వంతులనుండి పెండ్లి సంబంధాల వరకు పదిమందికి తీర్పు చెప్పినవాని దేహాన్ని గురించి అతనిని తప్ప అందరినీ అడుగుట న్యాయమా? వార్ధక్యం చెవికి మాంద్యం తెచ్చునేమో గాని మనిషి సమ్మతి హక్కును హరింపదు. గట్టిగా, నిదానంగా, రెండుమార్లు చెప్పవలసి రావచ్చును. ఆ కాలహరణం వైద్యంలో భాగమే గాని వైద్యానికి అడ్డు కాదు.

సమ్మతిని తేలికగా చూచినచో ఏమగునో తెలుగునేలయే ఒకమారు చూచినది. 2009లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను సుమారు 14,000 మంది బాలికలకు ఇచ్చినారు. కొన్ని మరణాల వార్తలు రాగా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిచిపోయినది. ఆ మరణాలకు టీకాకు సంబంధం ఉన్నట్లు కనబడదని విచారణ సంఘం తేల్చినది. కాని విచారణలో మరొక సంగతి బయటపడినది. పలుచోట్ల తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల పర్యవేక్షకులు, ప్రధానోపాధ్యాయులు సమ్మతిపత్రాలపై సంతకాలు చేసినారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా గర్హించినది. ఆ టీకా మంచిదే. నేడు ఎన్నో దేశాలు దానిని వాడుచున్నవి. అయినను మంచి వస్తువును తప్పుదారిన ఇచ్చినందున ఏండ్ల తరబడి అనుమానం మిగిలినది. సాధ్యం మంచిదైనంత మాత్రాన సాధనంలోని దోషం మాసిపోదని ఈ ఉదంతం నిరూపించుచున్నది.

శాకాహార నియమం గల వీరశైవ గృహాలలో ఈ సమ్మతి విషయం మరొక రూపంలో ఎదురగును. ఫ్లూ టీకాలలో అధిక భాగం పిండం గల కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి, దానిని నిర్జీవం చేసి, శుద్ధిచేసి తయారు చేయుచున్నారు. గుడ్డులోని మాంసకృత్తులు లేశమాత్రంగా మిగులవచ్చును. గుడ్డుతో పనిలేక కణజాలంలో తయారగు టీకాలు కూడ లోకంలో ఉన్నవి గాని అన్నిచోట్ల దొరకవు. గుడ్డును ముట్టని పెద్దావిడకు ఈ సంగతి చెప్పవలెనా, వద్దా? ‘చెప్పినచో వేయించుకొనదు, చెప్పకున్న ఆమెకే మేలు’ అని ప్రేమగలవారే వాదింతురు. ఈ వాదం వినసొంపుగా ఉన్నను నిలువదు. ఔషధం ఆహారం కాదని, ప్రాణరక్షణకు పుచ్చుకొనుట నియమభంగం కాదని ఆమె తలపవచ్చును. చాలామంది అట్లే తలంతురు. లేదా తన నియమం తనకు ముఖ్యమని మానివేయవచ్చును. అప్పుడు ఇంటిలో దగ్గు జ్వరాలు ఉన్నవారు ఆమెకు ఎడంగా ఉండుట, చేతులు కడుగుకొనుట, ఇంటిలోని తక్కినవారు టీకా వేయించుకొనుట వంటి ఇతర మార్గాలు ఉన్నవి. రెండు నిర్ణయాలూ ఆమెవే. దాచి చేసిన మేలు ఒకనాటికి బయటపడును. అప్పుడు ఆమె కోల్పోవునది టీకామీది నమ్మకం మాత్రమే కాదు, కన్నబిడ్డల మాటమీది నమ్మకం కూడ.

ఇంతవరకు సూదికి ముందటి ధర్మం. సూది తీసిన తరువాత మరొక ధర్మం ఆరంభమగును. దానికి చరిత్రలో మూల్యం చెల్లించినవారు ఉన్నారు. 1897లో హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు బొంబాయిలో ప్లేగు టీకాను కనుగొని మొదట తన దేహంమీదనే ప్రయోగించుకొన్నాడు. 1902 అక్టోబరు 30వ తేదీన పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ఒకే సీసాలోని టీకా వేయించుకొన్న 19 మంది ధనుర్వాతంతో మరణించినారు. నింద అంతయు హాఫ్‌కిన్ మీద పడినది, పదవి పోయినది. టీకా తయారీలో గాక గ్రామంలో సీసా తెరచు సమయంలో, నేలపడిన పనిముట్టును సరిగా శుద్ధిచేయక వాడినందున విషం సోకినదని సాక్ష్యాలు సూచించినవి. అయిదేండ్ల తరువాత 1907లో గాని అతడు నిర్దోషి అని ఒప్పుకొనలేదు. నిదానించి కారణం వెదకక ముందే నేరం మోపుట ఎంత అధర్మమో ఈ ఉదంతం తెలుపును. అదే సమయంలో, మంచి టీకా కూడ అజాగ్రత్త గల చేతిలో మృత్యువు కాగలదని కూడ తెలుపును. ఆ పందొమ్మిదిమంది ప్రాణాలకు జవాబుదారీ ఎవరన్న ప్రశ్న శాస్త్రజ్ఞుని నిర్దోషిత్వంతో తీరిపోలేదు.

రెండవ ఉదంతం సరిగా ఫ్లూ టీకాను గురించినదే. 1976లో అమెరికా దేశంలో పందుల ఫ్లూ ప్రబలునన్న భయంతో నాలుగు కోట్ల మందికి మించి టీకాలు వేసినారు. అక్టోబరులో పిట్స్‌బర్గ్ నగరంలో ఒకే కేంద్రంలో టీకా వేయించుకొన్న ముగ్గురు వృద్ధులు వెంటనే మరణించినారు. దేశం గగ్గోలెత్తినది. విచారించగా వారు గుండెజబ్బు వలన పోయినారని, టీకాకు సంబంధం లేదని తేలినది. రెండు నెలలు గడవకముందే మరొక వార్త వచ్చినది: గిలియన్ బారె వ్యాధి టీకా వేయించుకొన్నవారిలో అధికంగా కనబడుచున్నది. లెక్కించగా అది నిజమని, సుమారు లక్షమందిలో ఒకరికి అదనంగా వచ్చినదని తేలినది. డిసెంబరులో కార్యక్రమాన్ని నిలిపివేసినారు. భయపడిన మహమ్మారి రానేలేదు. ఒకే శరత్కాలంలో ఒకే టీకామీద రెండు ఆరోపణలు వచ్చినవి. ఒకటి అబద్ధమైనది, ఒకటి నిజమైనది. లెక్క వ్రాసి ఉంచిన దేశం గనుక రెండింటినీ వేరు చేయగలిగినది. వ్రాయని చోట రెండూ పుకార్లుగానే మిగులును.

మన శాస్త్రకారులు కాకతాళీయ న్యాయం అని ఒకదానిని చెప్పినారు. కాకి వచ్చి వాలుటయు తాటిపండు రాలుటయు ఒకే క్షణంలో జరిగినంత మాత్రాన కాకి వలన పండు రాలినదని చెప్పరాదు. వృద్ధుల విషయంలో ఈ న్యాయం తప్పక జ్ఞప్తికి ఉండవలెను. ఏటా నూటికి నలుగురు చొప్పున మరణించు వయసులో ఉన్న పదివేలమంది పెద్దలు ఉన్నారనుకొన్నచో, వారిలో ఏడాదికి 400 మంది, అనగా ఏ వారంలోనైనను దాదాపు ఎనిమిదిమంది, ఏ టీకా లేకున్నను మరణింతురు. ఆ వారమే అందరికీ టీకా వేసినచో ఆ ఎనిమిది మరణాలూ టీకా వెనుకనే వచ్చును. ఎనిమిది గ్రామాలలో ఎనిమిది కుటుంబాలు ‘సూది వేసిన మూడవనాడే పోయినారు’ అని కన్నీరు పెట్టును. వారు అబద్ధం చెప్పుట లేదు. తాము చూచినదే చెప్పుచున్నారు.

అయితే ఈ న్యాయాన్ని దుర్వినియోగం చేయుట కూడ సులభం. ప్రతి ఫిర్యాదుకు ‘కాకతాళీయం, పొండి’ అని చెప్పువాడు శాస్త్రం పేరిట సోమరితనాన్ని పోషించుచున్నాడు. కాకి బరువుకు పండు నిజంగా రాలిన సందర్భం కూడ ఉండవచ్చును గదా! 2010 ఆగస్టులో ఫిన్లాండు, స్వీడను దేశాలలో ఒక రకపు ఫ్లూ టీకా వేయించుకొన్న పిల్లలలో, కిశోరులలో పట్టపగలు నిద్ర ముంచుకువచ్చు అరుదైన వ్యాధి పెరుగుచున్నదని అక్కడి వైద్యులు గమనించి పైకి తెలిపినారు. మొదట అదియు కాకతాళీయంగానే తోచినది. తరువాతి లెక్కలలో సంబంధం ఉన్నదని తేలినది. విన్నవాడు ఉండినందుననే అది తేలినది. ఈ విచారణకు శాస్త్రజ్ఞులు ఐదు ద్వారాలు ఏర్పరచినారు: టీకా గుణం వలన కలిగినదా, తయారీ లోపం వలననా, నిల్వలోనో వేయడంలోనో జరిగిన పొరపాటు వలననా, సూది భయం వలననా, లేక కేవలం యాదృచ్ఛికమా? ఐదింటిని చూచిన తరువాతనే ఐదవది అని చెప్పుటకు అధికారం వచ్చును.

మన దేశంలో టీకా అనంతర దుష్ఫలితాల నిఘా 1988లో ఆరంభమైనది. తీవ్రమైన సంఘటన ఏది జరిగినను 24 గంటలలో జిల్లా అధికారికి తెలుపవలెనని నియమం ఉన్నది; జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో పరిశీలక సంఘాలు ఉన్నవి. 2021 మార్చి 8వ తేదీన కోవిడ్ టీకా వేయించుకొన్న 68 ఏళ్ళ పెద్దమనిషి ఒకరు తీవ్రమైన అలర్జీ వలన మరణించినారని, దానికి టీకాయే కారణమని జాతీయ సంఘం ఆ ఏడు జూనులో బహిరంగంగా ఒప్పుకొన్నది. ఆ ఒప్పుకోలు కార్యక్రమానికి మచ్చ కాదు. టీకా వేసిన పిమ్మట అరగంట కూర్చుండబెట్టు నియమం ఎందుకు ఉన్నదో దేశానికి అది నేర్పినది. అట్టి అలర్జీ సాధారణంగా ఆ అరగంటలోనే పైకి వచ్చును. చెంత మందు సిద్ధంగా ఉన్నచో ప్రాణం దక్కించవచ్చును.

ఫ్లూ టీకా విషయంలో ఒక లోపం ఉన్నది. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు వృద్ధులను ఈ టీకా తీసుకొనదగినవారిలో చేర్చినవి గాని, జాతీయ సార్వత్రిక టీకా కార్యక్రమంలో వారికి ఇది ఉచితంగా లభించుట లేదు. కొనగలవాడు ప్రైవేటు వైద్యశాలలో వేయించుకొనును, కొనలేనివాడు మానుకొనును. దీనిలో రెండు అన్యాయాలు ఉన్నవి. కోడూరు మండలంలోని చేపలవేట కుటుంబపు ముసలివాని ఊపిరితిత్తులు గుడివాడలోని వర్తకుని ఊపిరితిత్తులకంటె గట్టివి కావు. అయినను రక్షణ డబ్బునుబట్టి లభించుచున్నది. ఇది మొదటిది. డబ్బిచ్చి వేయించుకొన్నవానికి మూడవనాడు కాళ్ళు తిమ్మిరెక్కినచో, ఆ సంగతి ఏ పుస్తకంలోను ఎక్కకపోవచ్చును. ఇది రెండవది. వైద్యుడు వ్రాసి పంపినచో, లేదా కుటుంబమే తెలిపినచో గాని అది లెక్కకు రాదు. 2010లో ఆరంభమైన జాతీయ ఔషధ నిఘా కార్యక్రమానికి రోగులు, బంధువులు సైతం నేరుగా తెలుపవచ్చును. 1800-180-3024 అను ఉచిత ఫోను సంఖ్య అందుకొరకే ఉన్నది. ఈ సంగతి ఎరిగిన ఇండ్లు ఎన్ని?

కొందరు ఇట్లు ఆక్షేపింపవచ్చును: ‘దుష్ఫలితాలను ఇంతగా ఎంచి చెప్పినచో జనం బెదరి టీకాకే దూరమగుదురు; లక్షమందికి మేలు చేయుటకు ఒకరి కష్టాన్ని గురించి మౌనం వహించుట తప్పా?’ ఈ ప్రశ్న దురుద్దేశంతో పుట్టినది కాదు. కాని ఆ ఒక్కడు ఎవరు? అతడు తన ఇంటివారి కొరకు, ఇరుగుపొరుగు కొరకు కూడ చేయి చాచినవాడు. అతని కష్టాన్ని లెక్కించకుండుట అతనిని రెండవమారు గాయపరచుటయే. పైగా మౌనం దాగదు. ఇంటి అరుగుమీద, చెరువుగట్టున, నేడు చేతి ఫోనులో, చెప్పని నిజం పదిరెట్లు పెరిగి తిరుగును. నిజం చెప్పినచో కొందరు బెదరుదురు. దాచినచో చివరకు అందరూ బెదరుదురు.

మరికొందరు ‘పండుటాకు రాలక మానునా, ఈ వయసులో ఇంత యత్నమేల’ అందురు. వృద్ధులు తమను గురించి తాము ఈ మాట చెప్పుకొనవచ్చును. అది వారి వైరాగ్యం. పడుచువారు వారిని గురించి చెప్పినచో అది నిర్దయ. రాలు ఆకైనను ఊపిరాడక, ఆసుపత్రి వరండాలో, ఆరోపించదగిన కారణం కూడ తెలియక రాలవలసిన పని లేదు.

పన్నెండవ శతాబ్దంలో కల్యాణ నగరంలో బసవేశ్వరుడు కాయకాన్ని పూజతో సమానం చేసినాడు. ఏ వృత్తియు తక్కువ కాదన్న ఆ దృష్టితో చూచినచో, గ్రామ సచివాలయపు నర్సు టీకా సీసామీది సంఖ్యను పుస్తకంలో వ్రాయుట కూడ కాయకమే. శీతలపేటికలో వేడి 2 డిగ్రీలకు 8 డిగ్రీలకు నడుమ ఉన్నదా అని కరెంటు పోయివచ్చిన ప్రతిమారు చూచుట కాయకమే. మూడవనాడు పెద్దాయన ఇంటికి పోయి ‘ఎట్లా ఉన్నారు తాతగారూ’ అని అడిగి జవాబు వ్రాసికొనుట అన్నింటికంటె గొప్ప కాయకం. దానికి చప్పట్లు లేవు, ఫొటోలు లేవు. కాని ఆ పలకరింపు లేనిచో టీకా సగం పనిగానే మిగులును.

ఈ విచారణవలన తేలు కర్తవ్యాలు కఠినమైనవి కావు. మన దక్షిణాదిన ఫ్లూ వానకాలంలో ఎక్కువగా ప్రబలును గనుక, వానలకు ముందే ఇంటిలోని పెద్దలతో ఈ విషయం మాట్లాడవలెను. వారిని గురించి కాదు, వారితోనే. వారి మందుల చీటీలు, పూర్వపు అలర్జీలు వైద్యునికి చూపవలెను. గుడ్డు సంగతి దాచకూడదు. సూది తరువాత అరగంట తొందరపడక కూర్చుండవలెను. టీకా పేరు, సీసా సంఖ్య, తేదీ ఒక చీటీపై వ్రాసి పంచాంగంలో దాచవలెను. తరువాతి దినాలలో ఊపిరాడకపోవుట, కాళ్ళు చేతులు పట్టుతప్పుట వంటిది కనిపించినచో, అది టీకా వలననో కాదో ఇంటిలో తీర్పు చెప్పుకొనక, ముందు వైద్యునికి చూపి, వెంటనే తెలుపవలసినవారికి తెలుపవలెను. 2023 నుండి బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల నడుచుచున్నది. అచట చదువుకొను యువకులు దివిసీమ గ్రామాలకు పోయి సూది వేయుట నేర్చుకొందురు గాక. దానితోపాటు మూడవనాడు తిరిగిపోయి అడుగుట కూడ నేర్చుకొందురు గాక. పోషకులు, సంఘసేవకులు బీద వృద్ధులకు టీకా ఖర్చు భరింపదలచినచో అది శ్లాఘనీయం. ఆ ఖర్చులో మూడవనాటి పలకరింపునకు కూడ కొంత కేటాయింతురు గాక.